‘కడుపునొప్పి’ అంటే చాలదు: నెలసరి ఒంట్లో ఎలా ఉంటుందో మగవాళ్ళకు చెప్పే పద్ధతి

ఇంట్లో మగవాళ్ళకు ‘కడుపునొప్పి’ అని చెప్పి చూడండి. ఒకరు వాము నీళ్ళు తాగమంటారు, ఇంకొకరు ఈనో పొట్లం చింపుతారు, మూడోవారు ‘రాత్రి ఆ పచ్చడి వద్దన్నానా’ అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు తెలిసిన కడుపు అదే. మనం చెప్పే నొప్పి దానికి జానెడు కింద, వాళ్ళకు లేని అవయవంలో పుడుతుంది. పోనీ ‘ఒంట్లో బాగాలేదు’ అంటే జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేస్తారు. ‘డేట్ వచ్చింది’ అంటే గబుక్కున తల తిప్పుకుంటారు. ఈ మూడింటిలో ఏ మాటా మన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గర్భాశయం బొమ్మ ఇచ్చి భాగాలు గుర్తించమంటే మా పిల్లలు నిద్రలో లేపినా గుర్తిస్తారు. ఆ బొమ్మను ఒంట్లో మోస్తున్న మనిషికి ఎలా ఉంటుందన్నది మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. ఈమధ్యే పెళ్ళయిన మా తమ్ముడు ఫోను చేసి, ‘అక్కా, తను నెలకోసారి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఏమిటని అడిగితే ఏమీ లేదంటుంది. నువ్వు టీచరువి కదా, నువ్వైనా చెప్పు’ అన్నాడు. వాడికి చెప్పినవి, మా వారికి చెప్పినవి, స్టాఫ్ రూములో లెక్కల మాస్టారికి చెప్పవలసి వచ్చినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది నా ఒంటి సంగతి. కొందరికి నెలసరి వచ్చి వెళ్ళినట్టే ఉండదు, కొందరు మంచం దిగలేరు. మీ తీరును బట్టి మాటలు మార్చుకోండి.

ముందు రక్తం సంగతి

నొప్పితో మొదలుపెట్టకండి. వినేవాడి బుర్రలో అంతకుముందే ఒక అపోహ తిష్ఠ వేసి ఉంటుంది, మూత్రంలాగే దీన్నీ కాసేపు ఆపుకోవచ్చని. చదువుకున్నవాళ్ళూ ఇందులో తక్కువేమీ కాదు. స్పాట్ వాల్యుయేషన్లో నేను మధ్యలో బాత్రూముకని లేవబోతే మా లెక్కల మాస్టారు, ‘ఇంకో నాలుగు పేపర్లే కదా మేడమ్, అవి కూడా దిద్దేసి వెళ్ళండి’ అన్నారు, పాపం మంచి మనసుతోనే. మూత్రాశయం కింద మనం బిగించి పట్టుకోగల కండరం ఉంటుందని, గర్భాశయ ద్వారం దగ్గర మన మాట వినే కండరమేదీ లేదని ఆయనకు చెప్పాను. ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చేదాన్ని ఆపడం కుదరదు. ఈ ముక్క ముందే చెబితే ‘బాత్రూముకు అన్నిసార్లు ఎందుకు’ లాంటి ప్రశ్నలు వాటంతట అవే పోతాయి.

తర్వాత, అది వస్తున్నప్పుడు ఎలా తెలుస్తుందో చెప్పండి. రోజంతా ఒకే ధారగా కారుతూ ఉంటుందని చాలామంది మగవాళ్ళ ఊహ. నిజానికి చాలాసేపు ఏమీ తెలియదు. ఏప్రిల్ ఎండల్లో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతూ చెక్క బల్ల మీద గంటల తరబడి కూర్చుంటాం. కూర్చున్నంతసేపూ రక్తం యోనిలో నిలుస్తుంది. భోజనాల గంట కొట్టగానే లేచామా, నిలిచినదంతా ఒక్కసారిగా దిగుతుంది. గోరువెచ్చగా, మన ప్రమేయం లేకుండా, ఒంట్లోంచి ఏదో జారిపోతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. గడ్డ పడితే అది ఇంకా వేరు. మెత్తగా, కాస్త బరువుగా, జారిన క్షణం విడిగా తెలుస్తుంది. కాళ్ళు దగ్గర పెట్టుకుని ఉన్నచోటే ఆగిపోతాం. మాట్లాడుతూ ఉంటే మాట తెగుతుంది. ఆ వెంటనే ఆలోచన పరిగెడుతుంది: ప్యాడ్ సరిగా పట్టిందా, పక్కకు పోయిందా, ఇవాళ కట్టిన చీర ఏ రంగుది, సోషల్ టీచరు ఏ బల్ల దగ్గర ఉంది. ఆవిడ పక్కకు చేరి ‘కాస్త వెనక చూడండి’ అంటే, ఆవిడ కళ్ళతోనే ఏమీ లేదని చెబుతుంది. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. అటుపక్క మాస్టార్లకు మాత్రం మేం భోజనానికి లేచినట్టే కనిపిస్తుంది.

మా తమ్ముడికి ఈ అర నిమిషం గురించి చెప్పినప్పుడు వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నొప్పి గురించి చెప్పినప్పటికన్నా ఇక్కడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. కాబట్టి ఇలాంటి ఒక చిన్న సంఘటనను మీ రోజులోంచే తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. మీకు అది బస్సులో సీటు లేచి వెనక్కి తిరిగి చూసుకోవడం కావచ్చు, పెళ్ళిలో పట్టుచీరతో పీటల దగ్గర కూర్చోవడం కావచ్చు.

ఎంత పోతుందని కూడా అడుగుతారు. మొత్తం నెలసరికి చాలామందిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. ఈ అంకె వినగానే ‘ఇంతేనా’ అన్న ముఖం పెడతారు, సిద్ధంగా ఉండండి. ప్యాడ్‌లోకి దిగేదంతా రక్తం కాదు, అందులో దాదాపు సగమే రక్తం. మిగతాది ఊడిన గర్భాశయపు లోపొర, స్రావాలు. అయినా నన్నడిగితే కొలత కన్నా తడి గురించి చెప్పడమే మేలు. తడిసిన ప్యాడ్ బరువెక్కి నడకకు అడ్డం రావడం, ఉక్కపోతలో దాని అంచు తొడలకు ఒరుసుకుని మండటం, సాయంత్రానికి అక్కడ చర్మం ఎర్రగా కందిపోవడం. ఒరుపు ఎలా ఉంటుందో మగవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు, వేసవిలో సైకిలు తొక్కిన వాళ్ళే కదా.

నొప్పిని చోటుతో మొదలుపెట్టండి

నోటికన్నా ముందు చెయ్యి వాడండి. అరచేతిని బొడ్డు కింద ఆనించి ‘ఇక్కడ’ అనండి. అక్కడి నుంచి నడుము వెనక్కి తీసుకెళ్ళి చూపించండి. తర్వాత గజ్జల మీదుగా తొడల లోపలివైపు. నొప్పి పుట్టేది గర్భాశయంలోనే, కానీ దాని నరాలు వెన్నుపామును చేరే చోటికే నడుము, గజ్జల నుంచి వచ్చే నరాలూ చేరతాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు విడదీయలేదు. ఈ సంగతి చెప్పకపోతే ‘కడుపు అన్నావు, మళ్ళీ కాళ్ళంటావేమిటి’ అన్న అనుమానం వస్తుంది. మా తమ్ముడు అడగనే అడిగాడు.

చోటు తర్వాత మాట. నొప్పికి తెలుగులో ఎన్నో మాటలుండగా అన్నింటినీ ‘పెయిన్’లో కలిపేసి ఊరుకుంటున్నాం. నాకు పొత్తికడుపులో మెలిపెడుతుంది, అది తెరలు తెరలుగా వస్తుంది. నడుము లాగుతుంది, అది తెరలుగా కాదు, పొద్దుటి నుంచి రాత్రిదాకా ఒకే తీరు. తొడలు, పిక్కలు పీకుతాయి. రొమ్ములు సలుపుతాయి, అయితే అది ముందు వారంలో. పొట్ట ఉబ్బి కుచ్చిళ్ళ దగ్గర చీర బిగుస్తుంది. ఒక్కోసారి ఆసనం వైపు పోటు వస్తుంది, నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేంత, ఒక్క క్షణం. పన్ను సలపడం, కాళ్ళు పీకడం, చెవిపోటు మగవాళ్ళూ ఎరుగుదురు. ఏ మాట ఏ చోటిదో సరిగా జతచేసి చెబితే సగం పని వాళ్ళ ఒళ్ళే చేసిపెడుతుంది.

1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రోగులు నొప్పికి వాడే మాటలను గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. ఎంత నొప్పి అని అడిగితే చాలదు, ఎలాంటి నొప్పి అని కూడా అడగాలన్నది దాని సారం. మా అమ్మమ్మ ఏ ప్రశ్నావళీ లేకుండానే నులినొప్పి వేరు, తీపులు వేరు, పోటు వేరు అని చెప్పేది. ఆడవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు మాత్రమే.

ఇక పోలిక. ఒక్కటే చెప్పండి, అది అతని ఒంటికి జరిగినదై ఉండాలి. ప్రసవం, గుండెపోటు, కత్తిపోటు వద్దు. అవి అతనికీ తెలియవు, చాలాసార్లు మనకూ తెలియవు. పైగా పెద్ద మాట వాడగానే వినేవాడు మనసులో సగానికి సగం తగ్గించుకుంటాడు. నేను ఎంచుకున్నది అర్ధరాత్రి పిక్క పట్టేయడం. నిద్రలో పిక్క రాయిలా బిగుసుకుంటే మా వారు అరిచిన అరుపుకు పక్క వాటా వాళ్ళు లైటు వేశారు. నిజానికి రెండుచోట్లా జరిగేది కండరం పట్టేయడమే. గర్భాశయం కండరాలతో అల్లిన సంచి. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తగ్గిపోగానే దాని లోపొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై ఆ కండరాన్ని బిగిస్తూ వదులుతూ ఉంటాయి. బిగిసినప్పుడు లోపలి రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి ప్రాణవాయువు చాలదు. అప్పుడు నొప్పి. తీవ్రంగా బాధపడేవారిలో ఆ బిగువు 150 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడిని దాటుతుంది. ఇంట్లో బీపీ మిషను ఉంటే అతని చేతికి కట్టి ఆ అంకెదాకా గాలి ఎక్కనివ్వండి, పట్టు అంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

పోలిక ఎక్కడ సరిపోదో కూడా చెప్పాలి, లేకపోతే ‘ఓస్, పిక్కనొప్పేనా’ అని తేల్చేస్తారు. పిక్క పడితే కాలు చాపవచ్చు, బొటనవేలు వెనక్కి లాగవచ్చు, కాసేపటికి వదులుతుంది. ఇది చాపడానికి వీలుకాదు, చేత్తో నొక్కడానికి అందదు. వదిలిన కొద్ది నిమిషాలకే మళ్ళీ పడుతుంది. ‘అది పొద్దున పాలు కాచేటప్పుడు మొదలై, రాత్రి మీరు వార్తలు చూసేదాకా పడుతూ వదులుతూ ఉందనుకోండి. మధ్యలో మీరు బడికి వెళ్ళి ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పారనుకోండి’ అన్నాను మా వారితో. (ఈ పీరియడ్లు వేరు.) ఆయన ఆలోచించి, ‘వదిలినప్పుడు హాయిగా ఉంటుందా?’ అని అడిగారు. ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ డాక్టరూ అడగలేదు. హాయిగా ఉండదు. మళ్ళీ ఎప్పుడు పడుతుందోనని ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంటాం. సాయంత్రానికి వచ్చే నిస్సత్తువలో ఆ బిగబట్టడం వాటా ఎక్కువ.

మిగతావి క్లుప్తంగా చెప్పవచ్చు. ఆ ప్రోస్టాగ్లాండిన్లే పేగుల కండరాలనూ కదిలిస్తాయి కాబట్టి మొదటి రోజు విరేచనాలు, వికారం, కొందరికి వాంతులు. అండం విడుదలయ్యాక కొద్దిగా, అర డిగ్రీ సెల్సియస్‌కు మించకుండా పెరిగిన ఒంటి వేడి నెలసరి వచ్చేసరికి మళ్ళీ దిగుతుంది. రాత్రి నిద్ర సరిగా పట్టదు, పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా దుప్పటి గుర్తొస్తుంది. చిరాకు, ఏడుపు గురించి అన్నిటికన్నా చివర చెప్పండి. ముందు చెప్పారో, పైన చెప్పినవన్నీ ‘మూడ్ బాగాలేదు’ కిందకు తోసేస్తారు. ఆ తర్వాత మీరు న్యాయంగా కోప్పడినా క్యాలెండరు వైపు చూస్తారు.

పదికి ఎంత అని అడిగితే

నొప్పికి మార్కులు వేయమంటారు. నేను రోజూ మార్కులు వేసేదాన్నే, అయినా దీనికి ఒట్టి మార్కులు పనికిరావని నా అభిప్రాయం. నా ఏడు మరొకరికి నాలుగు కావచ్చు. అంకెతో పాటు ఆగిపోయిన పని చెప్పండి. ‘పాఠం చెప్పగలను, బోర్డు పైవరుసలో రాయడానికి చెయ్యెత్తలేను.’ ‘కూర్చోగలను, కూర్చుని లేవలేను.’ ‘అన్నం వండగలను, గంజి వార్చడానికి వంగలేను.’ ‘నువ్వు చెప్పేది వినిపిస్తోంది, బుర్రకెక్కడం లేదు.’ ఇలా చెబితే అవతలివాళ్ళకు ఏం చేయాలో కూడా అందులోనే దొరుకుతుంది. గంజి ఎవరు వార్చాలో మళ్ళీ వేరే చెప్పనక్కరలేదు.

2022లో కొచ్చిలోని ఒక మాల్‌లో నెలసరి నొప్పిని అనుకరించే యంత్రాన్ని పెట్టి మగవాళ్ళకు తగిలించారు. పొట్ట మీద పట్టీలు అంటించి కరెంటు పంపితే కండరాలు బిగుసుకుంటాయి. ఆ వీడియోల్లో కుర్రవాళ్ళు మెలికలు తిరిగిపోతుంటే పక్కనున్న అమ్మాయిలు నవ్వుతూ నిలబడి ఉంటారు. నవ్వు సంగతి ఎలా ఉన్నా, ఆ యంత్రం పట్టేది పైనున్న పొట్ట కండరాలను; పైగా చాలు అనగానే ఆపేస్తారు. చాలు అంటే ఆగకపోవడమే నెలసరిలో అసలు సంగతి. యంత్రం దొరికితే తగిలించండి, తగిలించాక ‘దీన్ని రేపటిదాకా ఉంచుకుని ఆఫీసుకు వెళ్ళు’ అని కూడా చెప్పండి.

ఎవరికి, ఎప్పుడు, ఎంత

నొప్పిలో ఉన్నప్పుడు వివరించడానికి కూర్చోకండి. అప్పుడు మీరు క్లుప్తంగా చెబుతారు, వినేవాడు కంగారుపడతాడు. నెలసరి లేని ఏదో ఒక సాయంత్రం, ఇద్దరికీ చేతిలో పని ఉన్నప్పుడు చెప్పడం తేలిక. మా ఇంట్లో చిక్కుడుకాయలు ఈనె తీస్తూ చెప్పాను. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు.

హెడ్మాస్టరుకు ఈ పురాణమంతా అవసరం లేదు. ‘సార్, నెలసరి నొప్పి ఉంది. ఇవాళ మూడు గంటలు నిలబడి ఇన్విజిలేషన్ చేయలేను, కూర్చుని చేసే పని ఇవ్వండి’ అంటే చాలు. కారణం, చేయలేనిది, చేయగలిగినది మూడూ ఉన్నాయి. నసిగితేనే ఆయనా ఇబ్బంది పడతారు. మహిళా ఉపాధ్యాయులకు ఏటా ఇచ్చే 5 ప్రత్యేక క్యాజువల్ సెలవులు ఇలాంటి రోజులకని దాచుకుంటాను, కానీ ఏడాదికి నెలలు పన్నెండు.

మగపిల్లలను బయటికి పంపి ఆడపిల్లలకు మాత్రమే చెప్పే ఆనవాయితీని మా తరగతిలో మానేశాను. పిల్లలకు మన సొంత ఒంటి సంగతులు వద్దు. కండరం, బిగువు, నొప్పి వరకు చాలు. మొదట కిసుక్కుమంటారు, పిక్క ప్రస్తావన రాగానే ఊరుకుంటారు. ఒకడు లేచి ‘టీచర్, మరి ఆ రోజుల్లో ఖోఖో ఆడొచ్చా?’ అని అడిగాడు. ఆడవచ్చని, చాలామంది ఆడతారని, ఆ రోజు ఆడాలో వద్దో ఆ అమ్మాయికి తెలుస్తుందని చెప్పాను.

ఎదురు ప్రశ్నలు వస్తాయి. ‘మా అమ్మ ఎప్పుడూ ఇలా అనలేదే’ అన్నది మొదటిది. మా అమ్మ ఆ మూడు రోజులు పెరటి వసారాలో చాప మీద ఉండేది. చెంబు వేరు, కంచం వేరు. ఆ సంగతి ఇంటిల్లిపాదికే కాదు, పాలు పోసేవాడికీ తెలిసేది. వసారాలో ఉన్న మనిషికి ఎక్కడ నొప్పిగా ఉందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అడగని ఇంట్లో ఆవిడ ఎవరికి చెబుతుంది?

‘మాత్ర వేసుకోవచ్చు కదా’ అన్నది రెండోది. వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి, అందుకే నొప్పి ముదిరాక కన్నా మొదలవుతున్నప్పుడు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. ‘ఇంకాసేపు ఓర్చుకో’ అనే సలహా ఎందుకు పనికిరాదో ఇక్కడ చెప్పండి. పరగడుపున వద్దు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన ఎలర్జీ వస్తుందని 2023 చివర్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. వాడాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మాత్ర ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

‘అందరికీ ఉండేదే కదా’ అన్నది మూడోది. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా చేసేది ఇదే. అందరికీ ఉండేది కానిదేదో అతనికీ తెలియాలి, ఎందుకంటే బండి తీయవలసింది అతనే కావచ్చు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా కొన్ని గంటలు తడిసిపోవడం, ఐదు రూపాయల నాణెం కన్నా పెద్ద గడ్డలు పడటం, రక్తస్రావం 7 రోజులు దాటడం, నొప్పి ఏటేటా పెరగడం, నెలసరి లేని రోజుల్లోనూ ఉండటం, మలవిసర్జనలోనో కలయికలోనో పొడవడం: ఇవి ఓర్చుకోవలసినవి కావు. గర్భాశయపు లోపొర లాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

డాక్టరుకు చెప్పేటప్పుడు కూడా వరుస అదే: చోటు, తీరు, ఎంతసేపు, ఏ పని ఆగింది. కొన్ని నెలల తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అక్కడ కంగారులో సగం మరిచిపోతాం, అప్పుడు పక్కనున్న భర్తో అన్నో ఆ కాగితం చూసి చెప్పగలుగుతారు. ‘స్కానింగు బాగానే ఉంది, ఏమీ లేదు’ అంటే అక్కడితో లేచి రావద్దు. ఎండోమెట్రియోసిస్ మామూలు స్కానింగులో కనిపించకపోవచ్చు. ‘మరి ఈ నొప్పి దేనివల్ల?’ అని అడిగి, తర్వాత ఏ పరీక్ష చేయాలో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో రాయించుకోండి.